“మళ్ళీ చూడండి సారూ” అనే ముందు: పక్కింటి ప్లాన్ అనుమతిపై అర్జీ ఎలా నడపాలి

సోమవారం పొద్దున కర్నూలు కలెక్టరేట్‌లో సునయన ఆడిటోరియం దగ్గర నిలబడితే చేతిలో కాగితం లేని మనిషి కనపడడు. పింఛను, పాస్‌బుక్కు, పొలం దారి తగువు. వాటి మధ్యలో అప్పుడప్పుడూ ఇలాంటి కాగితం ఒకటి ఉంటుంది: “మా పక్క స్థలంలో కడుతున్న ఇంటికి ఇచ్చిన పర్మిషన్ మళ్ళీ పరిశీలించి మాకు న్యాయం చేయవలెనని ప్రార్థన.”

ఇంతే ఉంటుంది. దాని మీద “కమిషనర్ గారికి” అని రాస్తారు. అక్కడి నుంచి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి, ఆ తర్వాత వార్డు సచివాలయానికి దిగుతుంది. మొదట ఆ ఫైలు ఏ చేతుల మీదుగా నడిచిందో తిరిగి ఆ చేతుల్లోకే వస్తుంది. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఈలోపు పక్కింటికి రెండో స్లాబు పడి ఉంటుంది.

అర్జీలు రాసిపెట్టే అలవాటు కొద్దీ ఇలాంటివి చాలా చూశాను. ఓడిపోయిన వాళ్ళలో సగం మంది మాట న్యాయమైనదే. ఏ అధికారంతో మళ్ళీ చూడమంటున్నారో కాగితంలో చెప్పకపోవడంతోనే వాళ్ళు దెబ్బ తిన్నారు. ఒకసారి ఇచ్చిన ఆర్డరును ఆఫీసు తనంతట తాను తిరగదోడడానికి వీల్లేదు. చట్టం ఆ అధికారం ఇచ్చి ఉండాలి. 1970లో పటేల్ నర్షీ ఠాకర్షీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. అర్ధ న్యాయాధికారంతో, అంటే ఆఫీసు కోర్టులా ఇరుపక్షాలనూ విని తేల్చే అధికారంతో, ఇచ్చిన ఆర్డర్ల మీద తగువు వచ్చినప్పుడల్లా లాయర్లు ముందు ఆ తీర్పునే తీస్తారు. కాబట్టి “నిర్ణయం నాకు నచ్చలేదు, ఇంకోసారి ఆలోచించండి” అంటే కమిషనర్ చేయగలిగింది పెద్దగా ఉండదు. “ఈ నిర్ణయం అబద్ధపు కాగితం మీద తీసుకున్నారు, లేదా వినాల్సిన వాళ్ళను వినకుండా తీసుకున్నారు” అంటే కథ వేరు. ఆ రెండో దారిలో ఎలా నడవాలో కింద రాస్తున్నాను.

మొదటి పని: మీ తగువు ఏ రకమో తేల్చుకోండి

మీ బాధ నాలుగింటిలో ఒకటై ఉంటుంది.

అనుమతి తెచ్చుకునేటప్పుడే అబద్ధం చెప్పారు. గల్లీ ఇరవై అడుగులుంటే ప్లానులో ముప్పై చూపించారు. ఉమ్మడి గోడను సొంత గోడ అన్నారు. దస్తావేజులో నాలుగు సెంట్లుంటే ప్లాన్ ఐదు సెంట్లకు గీయించారు. అనుమతిని రద్దు చేయమని అడగదగ్గ రకం ఇదే.

అనుమతి సరిగ్గానే ఉంది, కట్టేది దాని ప్రకారం లేదు. ప్లానులో పక్కన ఖాళీ వదిలారు, నేల మీద గోడ మీ కాంపౌండును ఆనుకుని లేచింది. జీ ప్లస్ టూకి తీసుకుని పైన ఇంకోటి వేస్తున్నారు. ఇక్కడ అనుమతిని మళ్ళీ చూడమని అడిగితే మీరే నష్టపోతారు. ఎందుకంటే అనుమతిలో తప్పేమీ లేదు, చూసి సరిగ్గానే ఉందని రాసి పంపేస్తారు. ప్లానును మీరిన కట్టడం మీద చర్య తీసుకోమని అడగాలి. ఇది పూర్తిగా వేరే అర్జీ.

మూడోది స్థలం ఎవరిదన్న గొడవ. అనుమతి ఇచ్చేవాళ్ళు పైపైన హక్కు, స్వాధీనం చూస్తారు తప్ప హక్కుదారు ఎవరో తేల్చరు, తేల్చలేరు. అది సివిల్ కోర్టు పని. ఇరవై ఏళ్ళకు పైగా మీ కిటికీకి వస్తున్న గాలీ వెలుతురూ పోతున్నాయన్న బాధ కూడా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద కోర్టులోనే తేలాలి.

నాలుగోది చెప్పడానికి నాకే కష్టంగా ఉంటుంది. పక్కాయన రూలు ప్రకారమే కడుతున్నాడు, మీ మేడ మీదికి ఎండ రావడం లేదు, అంతే. దానికి అర్జీ లేదు. పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడుకోండి, ఖర్చు తప్పుతుంది.

జనం ఈ నాలుగింటినీ ఒకే కాగితంలో కలిపేస్తారు. బలం కోసమని కలుపుతారు గానీ అది తిరగబడుతుంది. జవాబు రాసే ఆయన మీ నాలుగు పాయింట్లలో బలహీనమైనది చూసుకుని, “హక్కు వివాదం ఉన్నందున సివిల్ కోర్టును ఆశ్రయించగలరు” అని ఒక్క వాక్యంలో మొత్తం మూసేస్తాడు.

ఏ తలుపు తట్టాలి

కర్నూలు, కడప, అనంతపురం మూడూ కార్పొరేషన్లే. వీటికి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వర్తిస్తుంది. అది హైదరాబాద్ కోసం పుట్టిన చట్టం, తర్వాత మిగతా కార్పొరేషన్లకూ వచ్చింది. అందుకే పాత తీర్పుల్లో హైదరాబాద్ పేరుతోనే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు లాంటి మున్సిపాలిటీలకు 1965 చట్టం. అక్కడ సెక్షన్ నంబర్లు వేరు, కాబట్టి ఇక్కడి అర్జీని అక్కడ కాపీ కొట్టి పెట్టకండి. ఊరి అంచున, అంటే పంచాయతీ పరిధిలో ఉండి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కిందికి వచ్చే లేఅవుట్లయితే కుడా (కర్నూలుది), అహుడా (అనంతపురం-హిందూపురంది) లాంటి సంస్థల ఆఫీసు చూడాలి. వాటిది 2016 చట్టం. ఇల్లు కార్పొరేషన్ గీత లోపలుందా బయటుందా అన్నది వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగితే చెప్తారు. ముందు అది అడిగి రండి.

ఇక్కడ నుంచి కార్పొరేషన్ సంగతే రాస్తాను.

కాగితాలు పోగేయడం

ఇందులో తొందరపడకండి, అలాగని నిద్రపోకండి కూడా.

ముందుగా కట్టుబడి జరిగే చోట బోర్డు చూడండి. పర్మిట్ నంబరు, తేదీ, ఎన్ని అంతస్తులన్నది అక్కడ ఉండాలి. మీరట్‌లో ఇళ్ళ స్థలంలో దుకాణాలు కట్టిన కేసులో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కట్టడం జరిగినన్నాళ్ళూ ఆమోదించిన ప్లాను కాపీని సైటులో పెట్టాలి. బోర్డు లేకపోతే అదే మీ మొదటి ఫొటో. ఫోన్లో తేదీ పడేలా తీయండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. కార్పొరేషన్ ఆఫీసుకు పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ప్లాను కాపీ ఒక్కటే అడిగి ఊరుకోకండి. అసలు సరుకు ఫైల్లో ఉంటుంది. దరఖాస్తుతో పెట్టిన దస్తావేజు, అఫిడవిట్టు, లైసెన్సున్న ఇంజనీరు లేదా ఆర్కిటెక్ట్ ఇచ్చిన సర్టిఫికెట్, స్థలం చూసి వచ్చిన వాళ్ళ రిపోర్టు, షార్ట్‌ఫాల్ అని ఆన్‌లైన్‌లో వెనక్కి పంపి ఉంటే ఆ లేఖలు, వాటికి వచ్చిన జవాబులు, ఫైలు మీద రాసిన నోట్లు అన్నీ అడగండి. ఇవి మూడో వ్యక్తి సమాచారం అని చెప్పి పక్కాయనకు నోటీసు ఇవ్వొచ్చు. అప్పుడు గడువు నలభై రోజులవుతుంది. ఆయన వద్దన్నంత మాత్రాన ఇవ్వకూడదని లేదు, ఆఫీసే నిర్ణయించాలి. ఇవ్వకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత తొంభై రోజుల్లో సమాచార కమిషన్.

ఈ నెల రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోకండి. రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి ఆ స్థలం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత దస్తావేజుల నకళ్ళు తీయించండి. డబ్బు కడితే రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు నకలు ఎవరికైనా ఇస్తారు. హద్దుల పేరాలో “తూర్పున 20 అడుగుల రస్తా” అని ఉంటే, అదే ప్లానులో ముప్పై అని గీసి ఉంటే, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు. ఇంకో పది పేజీల వాదన అక్కర్లేదు. సర్వే స్కెచ్ కూడా తీసుకోండి. వంక పక్కనో హంద్రీ ఒడ్డునో ఉన్న స్థలమైతే అది మరీ ముఖ్యం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ఎలా ముంచాయో చూసిన వాళ్ళకు ఆ స్కెచ్‌లో నీటి గీత ఎక్కడుందో ఎందుకు అడుగుతున్నామో వేరే చెప్పనక్కర్లేదు. అనంతపురంలో నడిమివంక 2022లో కాలనీల్లోకి వచ్చినప్పుడూ అదే చూశాం.

గల్లీ కొలత మాత్రం మీరొక్కరే టేపు పట్టుకుని కొలిచి రాయకండి. రెండు పక్కలా ఇళ్ళవాళ్ళు, ఒక లైసెన్స్ సర్వేయరు ఉండగా కొలిపించి సంతకాలు పెట్టించుకోండి. మా ఎరికలో ఒకాయన తానే కొలిచి పదహారు అడుగులు అని రాశాడు. ఆఫీసు వాళ్ళు వచ్చి కొలిస్తే పంతొమ్మిది వచ్చింది. ముప్పై కాదన్న అసలు మాట నిజమే అయినా, ఆ మూడడుగుల తేడాతో ఆయన మాట మీదే అందరికీ అనుమానం వచ్చింది.

అర్జీలో ఏం రాయాలి

1955 చట్టంలో పట్టుకోవాల్సిన సెక్షన్ 450. ముఖ్యమైన విషయాన్ని తప్పుగా చూపించి గానీ మోసంగా చెప్పి గానీ అనుమతి పొందారని కమిషనర్‌కు నమ్మకం కలిగితే, ఆ అనుమతిని రద్దు చేసే అధికారం అది ఇస్తుంది. రద్దయితే అప్పటిదాకా చేసిన పని అనుమతి లేకుండా చేసినట్టే లెక్క. “మళ్ళీ చూడండి” అన్న మాటకు ప్రాణం పోసేది ఈ సెక్షనే. కాబట్టి పునఃపరిశీలన అన్న మాటను సబ్జెక్టు లైన్‌లో నుంచి తీసేయండి. నేనైతే ఇలా రాస్తాను:

“విషయం: ఫలానా తేదీ, ఫలానా నంబరు గల భవన నిర్మాణ అనుమతిని సెక్షన్ 450 కింద రద్దు చేయమని కోరుతూ.

సదరు అనుమతి కోసం పెట్టిన ప్లానులో తూర్పు వైపు రోడ్డు వెడల్పు 30 అడుగులుగా చూపించారు. దరఖాస్తుదారు సొంత దస్తావేజులోనే అది 20 అడుగుల రస్తాగా ఉంది (కాపీ జత చేశాను, 3వ పేజీ). లైసెన్స్ సర్వేయరు కొలతలోనూ 20 అడుగులకు మించలేదు (కాపీ జత చేశాను). రోడ్డు వెడల్పు అనుమతికి ముఖ్యమైన విషయం. కావున (1) దరఖాస్తుదారుకు నోటీసు ఇచ్చి విచారణ జరపమని, (2) విచారణలో నన్నూ విని, ఉభయుల సమక్షంలో స్థలం కొలిపించమని, (3) విచారణ తేలేదాకా పని ఆపించమని, (4) కారణాలతో కూడిన ఆర్డరు రాతపూర్వకంగా ఇప్పించమని కోరుతున్నాను.”

ఇంతకంటే ఎక్కువ వద్దు. పక్కాయన ఎలాంటివాడో, ఆయన బామ్మర్ది ఏ పార్టీలో ఉన్నాడో, ఎంత ముట్టజెప్పాడో రాయకండి. అది నిజమైనా రుజువు లేదు. లంచం మాట రాసిన మరుక్షణం ఆఫీసు మొత్తం మీకు ఎదురు పక్షం అవుతుంది.

మొదటి కోరిక చాలామందికి మింగుడు పడదు. “మనమెందుకు అన్నా వాళ్ళకు నోటీసు ఇమ్మనేది, వాళ్ళకు తెలియకుండానే రద్దయితే మంచిది కదా” అంటారు. పొరపాటు. ఎదుటివాడిని వినకుండా రద్దు చేస్తే ఆయన నేరుగా హైకోర్టుకు వెళ్తాడు. అక్కడ ఒక్క పాయింటు మీద, అంటే నోటీసు ఇవ్వలేదన్న దాని మీద, ఆ రద్దు కొట్టేస్తారు. మీ ఇరవై అడుగుల రస్తా గురించి ఎవరూ మాట్లాడరు. మళ్ళీ మొదటి నుంచి మొదలు. కాబట్టి ఎదుటివాడికి నోటీసు అందిందో లేదో ఆయన కంటే మీరే ఎక్కువ పట్టించుకోవాలి. గడువు ఎంత ఇచ్చారు, అందుకున్నట్టు సంతకం ఉందా అన్నది కనుక్కోండి.

ఇవ్వడం, ఇచ్చినట్టు నిలబెట్టుకోవడం

అర్జీ రెండు కాపీలు. ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి.

“పెట్టిపోండి, సార్ చూస్తారు” అంటారు.

“నంబరు వేసివ్వండి మేడమ్, కూర్చుంటాను” అనండి. కోపం వద్దు. నిజంగానే కూర్చోండి.

ముద్ర వేయకపోతే అదే రోజు పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వాట్సాప్‌లో పంపింది అర్జీ కాదు. కార్పొరేటరుకు చెప్పడమూ అర్జీ కాదు.

సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే ఒకప్పుడు స్పందన అన్న ఇప్పటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఇదే అర్జీ కాపీ ఒకటి ఇవ్వండి. దాని నంబరు మీకు తేదీకి సాక్ష్యం. అంతకంటే ఎక్కువ ఆశించకండి. సెక్షన్ 450 అధికారం కమిషనర్‌ది. కలెక్టరేట్‌లో తీసుకున్న కాగితం ఆయన దగ్గరికే వెళ్తుంది. అక్కడ “పరిష్కారమైంది” అని మూసేసినా చట్టం కింద మీ అర్జీ మూసినట్టు కాదు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, కారణాలతో ఆర్డరు ఇంకా నాకు అందలేదని కమిషనర్‌కు ఇంకో లేఖ రాయండి.

ఆలస్యం గురించి ఒక మాట. ఇన్ని రోజుల్లో అర్జీ పెట్టాలన్న లెక్క సెక్షన్ 450లో కనపడదు. అయినా పునాది తవ్వుతున్నప్పుడు ఇచ్చిన కాగితానికి ఉన్న బలం గృహప్రవేశం తర్వాత ఇచ్చినదానికి ఉండదు. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడుగుతారు. అలాగని లేచిన గోడను చూసి వదిలేయకండి. ఉడుపిలో కళ్యాణ మండపానికని అనుమతి తీసుకున్న భవనం తర్వాత సినిమా హాలుగా మారిన కేసు ఉంది, 1974 నాటి రామదాస్ శెనాయ్ కేసు. హాలుకు డబ్బు పెట్టేశారు కదా అన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఖర్చు పెట్టినంత మాత్రాన చట్టవిరుద్ధమైనది చట్టబద్ధం కాదంది. ఆ కేసు వేసింది ఆ చుట్టుపక్కల ఉండే మామూలు నివాసి. “నీకేం సంబంధం” అని ఎవరన్నా అడిగితే ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి.

విచారణ రోజు

విచారణకు పిలిస్తే సగం పని అయినట్టే. కానీ అసలు చిక్కులు ఇక్కడే వస్తాయి.

వీధి వీధంతా కదిలి వెళ్ళకండి. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాసుకోవాలి. ఎవరు విన్నారు, ఎన్ని గంటలకు, ఎదుటివాళ్ళు ఏం కాగితం ఇచ్చారు అన్నది రాసుకోండి. వాళ్ళు కొత్త కాగితం ఇస్తే, “దీని కాపీ నాకూ కావాలి, చూసి జవాబు ఇవ్వడానికి టైము కావాలి” అని అక్కడే రాతలో అడగండి. మీ వెనకాల ఇచ్చిన కాగితాన్ని నమ్మి ఆర్డరు ఇస్తే అది లోపమే. మీరు అడిగినట్టు రికార్డు ఉంటేనే ఆ లోపం రేపు పనికొస్తుంది.

విన్నవాళ్ళే తేల్చాలి. ఈ సూత్రానికి మన రాష్ట్రం కేసే పేరు మోసింది. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు, 1959 నాటి తీర్పు. కృష్ణా జిల్లాలో బస్సుల జాతీయకరణ మీద అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, ఆర్డరు ఇచ్చింది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తేల్చడం విచారణే కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఊళ్ళలో ఇది ఎప్పుడు ఎదురవుతుందంటే, కమిషనర్ విని, ఆర్డరు రాసేలోపు బదిలీ అయిపోయినప్పుడు. కొత్తగా వచ్చిన ఆయన పాత ఫైలు చూసి సంతకం పెట్టేస్తారు. ఆ లోపం మీకూ ఎదుటివాళ్ళకూ ఇద్దరికీ ఆయుధమే. అందుకే కొత్త కమిషనర్ వచ్చిన వారంలోనే, “వెనకటి అధికారి విన్నారు, దయచేసి మళ్ళీ వినండి” అని ఒక లేఖ ఇవ్వండి. పని పెరిగిందని విసుక్కోకండి. గెలిచిన ఆర్డరు నిలబడాలంటే ఇది కావాలి.

మొదట అనుమతి ఇచ్చిన అధికారే మళ్ళీ వింటున్నాడు, ఇది పక్షపాతం కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. చట్టం కమిషనర్‌కే ఆ అధికారం ఇచ్చింది కాబట్టి ఆయనే వినాలి. ఆ కట్టడంలో ఆయనకు సొంత లాభమో చుట్టరికమో ఉంటేనే పక్షపాతం మాట తీయాలి, అదీ మొదటి రోజే తీయాలి. ఓడిపోయాక తీస్తే వినరు.

ఆర్డరు వచ్చాక, లేక రాకపోయాక

ఆర్డరులో కారణాలు చూడండి. “రికార్డులు పరిశీలించగా అనుమతి సక్రమమే” అన్నది కారణం కాదు. మీ దస్తావేజు 3వ పేజీ గురించి ఒక్క మాటైనా ఉందా? లేకపోతే అదే మీ రేపటి పాయింటు. 1977 డిసెంబరులో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఆర్డరు అందులో ఉన్న కారణాల మీదే నిలబడాలి. తర్వాత కోర్టులో అఫిడవిట్టు వేసి కొత్త కారణాలు అతికించడానికి లేదు.

మీకు వ్యతిరేకంగా వస్తే మళ్ళీ అదే కమిషనర్‌కు “ఇంకోసారి” అని రాయకండి. అదే కాగితాలతో రెండోసారి అడిగితే, మొదట్లో చెప్పిన 1970 తీర్పు మీకే అడ్డం పడుతుంది. కొత్త కమిషనర్ మంచివాడట అని వెళ్ళినా అంతే. కొత్త ఆధారం లేకుండా ఆయన ఉత్తర్వు మార్చితే పక్కాయన దాన్ని సులువుగా కొట్టేయిస్తాడు. ఒక్క మినహాయింపు ఉంది. విచారణ తేదీ నోటీసు మీకు అందనే లేదు, మీరు లేకుండానే తేల్చేశారు అనుకోండి. అప్పుడు అడిగేది విషయంలో తప్పు దిద్దమని కాదు, పద్ధతిలో తప్పు దిద్దమని. గ్రిండ్‌లేస్ బ్యాంకు కేసు 1980లో, కప్రా మజ్దూర్ కేసు 2005లో ఈ తేడా స్పష్టంగా చెప్పాయి. రెండూ కార్మిక తగాదాలే గానీ సూత్రం ఇక్కడా పనికొస్తుంది. కాబట్టి ఆ అర్జీలో రోడ్డు వెడల్పు గురించి రాయకండి. నోటీసు అందలేదన్న ఒక్క మాటే రాయండి. రెండూ కలిపితే ఇది కూడా రెండోసారి అడగడం అయిపోతుంది.

అసలు జవాబే రాకపోతే హైకోర్టు. 2019 నుంచి అమరావతిలో ఉంది. అర్జీ మీద నిర్ణయం తీసుకోమని రిట్ వేస్తే, ఇన్ని వారాల్లో తేల్చండి అని ఆర్డరు రావడం మామూలే. ఆ ఆర్డరు పట్టుకుని టపాకాయలు కాల్చిన వీధి ఒకటి నాకు తెలుసు. తేల్చమన్నారంటే మీకు అనుకూలంగా తేల్చమని కాదు. ఆ గడువులోపు కాగితాలు సిద్ధంగా లేకపోతే అదే ఆర్డరుతో మీ అర్జీ తిరస్కరిస్తారు.

ఖర్చుకు వెనకాడితే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. అర్జీ ఇంటి ఆడవాళ్ళ పేరు మీద పెట్టొచ్చా అంటే, ఇల్లు నిజంగా వాళ్ళ పేరు మీద ఉంటే హాయిగా పెట్టొచ్చు. లోకాయుక్త ఆఫీసు 2021లో కర్నూలులోనే మొదలైంది కదా అక్కడికి వెళ్తే అంటారు. అధికారి ప్రవర్తన మీద ఫిర్యాదుకు అది చోటు. పర్మిషన్ రద్దుకు కాదు.

ఒకవేళ ఆ ఇల్లు కట్టుకునేది మీరైతే

ఇంతసేపూ పక్కింటాయన వైపు నుంచి రాశాను. నోటీసు మీకే వచ్చి ఉంటే ఇదంతా తలకిందులుగా చదువుకోవాలి.

టెన్షన్ పడి ఆఫీసుకు పరుగెత్తి నోటితో చెప్పి రాకండి. ముందు ఫిర్యాదు కాపీ, దాని జత కాగితాలు ఇమ్మని రాసి అడగండి, జవాబుకు టైము అడగండి. గడువు దాటనివ్వకండి. సెక్షన్ 450 మీరు తప్పు చెప్పినప్పుడు వాడేది. మీరు ఇరవై అడుగులు అనే చూపించారు, ఆఫీసు వాళ్ళే లెక్క తప్పారు అంటే, ఆ సెక్షన్ కింద రద్దు చేయడానికి వీల్లేదని వాదించొచ్చు. గట్టి వాదనే. కానీ దాని మీదే బండి మొత్తం కట్టకండి, రూలుకే విరుద్ధమైన అనుమతిని ఉడుపి కేసు కాపాడదు. ప్లాను గీసిన ఇంజనీరు చేసిన తప్పయినా దరఖాస్తు మీద సంతకం మీదే. ఆయనతో వేరే తేల్చుకోవాలి.

పని ఆపమన్నారంటే ఆపండి. ఆపమన్నాక పోసిన స్లాబు ఖర్చు చూపించి ఏ కోర్టులోనూ జాలి పొందలేరు. కూల్చేస్తారేమోనని భయముంటే, 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కనీసం పదిహేను రోజుల నోటీసు, స్వయంగా వినే అవకాశం, ఆర్డరు తర్వాత ఇంకో పదిహేను రోజులు ఇవ్వాలి. రోడ్డు మీదికో, నీటి వనరు మీదికో వచ్చిన కట్టడానికి మాత్రం ఆ రక్షణ లేదు.

మీరు గెలిచి ఎదుటివాళ్ళు హైకోర్టుకు వెళ్తారనిపిస్తే కేవియట్ వేయించండి. తొంభై రోజులు పనిచేస్తుంది. మీకు తెలియకుండా స్టే రాకుండా ఆపుతుంది. ఇది రెండు పక్షాలకూ వర్తిస్తుంది. అందుకే ఆర్డరు వచ్చిన మరుసటి రోజు లాయరు దగ్గర ఇద్దరూ ఎదురుపడి నవ్వుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఆర్డరు పోస్టులో వస్తే అందిన తేదీ కవరు మీదే పెన్నుతో రాసి, ఆ కవరును ఆర్డరుతో పిన్ను కొట్టి దాచండి. ఆలస్యమైందని రేపు ఎదుటి లాయరు అన్నప్పుడు తీసి చూపించాల్సింది ఆ కవరే.